గిన్నె చెప్పిన మాట

మా చెల్లెలి రక్తం పల్చన అని మేమంతా నమ్మాం. ఆ నమ్మకంతోనే దాన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాం. చివరికి దాన్ని తీసుకుపోయింది గడ్డకట్టిన రక్తం. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ బుర్ర మొద్దుబారిపోతుంది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా తెలియదు.

అది చేసే పని గురించి ముందు చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

ఇళ్ళకీ హాళ్ళకీ పైకప్పున అతికించే ప్లాస్టర్ పువ్వులూ, గోడ అంచున నడిచే లతల పట్టీలూ, స్తంభాల తలకట్టులూ పోతపోసే షెడ్డులో పనిచేసేది. రేకుల షెడ్డు. లోపల పొడుగు బల్లలు, గోడలకు ఆనించిన రబ్బరు అచ్చులు, మూలన పిండి బస్తాలు. ప్లాస్టర్ పొడిని వాళ్ళు పిండి అనే అంటారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమలు, చెవి తమ్మెలు, చీర కుచ్చిళ్ళు అన్నీ తెల్లగా ఉండేవి. షెడ్డులో దాని పేరే పిండిబొమ్మ. మా ఆయన కూడా అలాగే పిలిచేవాడు. అది ఉడుక్కునేది కాదు. "బావా, మీరు బొగ్గుబొమ్మ, మనిద్దర్నీ పక్కపక్కన నిలబెడితే దిష్టి తగలదు" అనేది.

మా ఇద్దరిలో మాటలు దానివి. నా వాటా మాటలు కూడా అదే మాట్లాడేసేది. చిన్నప్పుడు ఎవరైనా నన్ను ఏమైనా అడిగితే నా బదులు అది జవాబు చెప్పేది. నేను తలూపితే సరిపోయేది.

మొదట షెడ్డు ఊడవడానికి వెళ్ళింది. ఒకరోజు పక్కన పారేసిన విరిగిన పువ్వు ఒకటి తీసుకుని, ఎవరూ చెప్పకుండానే, ఊడిన రేకుని తడి పిండితో అతికించి, వేలిగోటితో ఈనెలు గీసిందట. మేస్త్రి చూశాడు. మర్నాటి నుంచి చీపురు ఇంకొకరి చేతికి పోయింది. కొన్నేళ్ళు తిరిగేసరికి ఆ షెడ్డులో కొత్త బస్తా మూతి విప్పితే మొదటి గుప్పెడు దాని చేతిలోనే పడాలి.

ఆ గుప్పెడు ఎందుకంటే పరీక్షకి. పిండి అన్ని బస్తాల్లో ఒకేలా ఉండదు. ఒకటి నీళ్ళు తగలగానే బిగుసుకుంటుంది. ఒకటి ఎంతసేపటికీ పట్టుకోదు. అందుకని చిన్న రబ్బరు గిన్నెలో గుప్పెడు పిండి, కొలిచిన నీళ్ళు కలిపి పక్కన పెట్టి, గోటితో నొక్కి చూస్తూ కూర్చుంటారు. గోటి గుర్తు పడటం ఆగిపోతే గట్టిపడినట్టు. తొందరగా పట్టే పిండి అయితే బకెట్‌లో చిటికెడు నిమ్మ ఉప్పు కలుపుతారు, కాస్త నెమ్మదిస్తుంది. ఆలస్యంగా పట్టే పిండి అయితే ఏమీ కలపరు. అందులో కూడా నిమ్మ ఉప్పు వేశారంటే అచ్చులోంచి పువ్వు రాదు, ముద్ద వస్తుంది. మా చెల్లెలు గిన్నె చూసి "నెమ్మది" అంటే అందరూ నెమ్మదిగా పోసేవారు, "దూకుడు" అంటే పరుగులు పెట్టేవారు. మేస్త్రి కూడా ఎదురు చెప్పేవాడు కాదు.

గిన్నె మీద దానికి అంత గురి. ఏ సంగతైనా ముందు కొంచెం కలిపి చూడాలనేది. పెళ్ళి చూపులకి వచ్చినవాళ్ళు వెంటనే మాట తేల్చమంటే, ఒక సాయంత్రం ఆ అబ్బాయితో మాట్లాడనివ్వండి, గిన్నెలో కలిపి చూస్తాను అందట. మా అమ్మ తల పట్టుకుంది. ఆ అబ్బాయి లిఫ్టులు బాగుచేసే పనివాడు. మంచి మనిషి, చేతుల నిండా గ్రీజు. మా మరిది అయ్యాక కూడా ఎవరైనా దాన్ని మెచ్చుకుంటే, "నేను గిన్నె పరీక్ష పాసైనవాణ్ణి" అని చెప్పుకునేవాడు.

వాళ్ళకి పిల్లలు నిలవలేదు. మొదటిది మూడో నెలలో పోయింది. రెండోది బొడ్డు పైకి వచ్చాక, లోపల కదులుతోందని నా చెయ్యి పెట్టి చూపించాక పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు. పిండి దుమ్మని కొందరు, బకెట్లు మోసిందని కొందరు. అది కొన్నాళ్ళు మా ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజుల్లో మాట్లాడాల్సింది నేను అయింది, నాకేమో మాటలు రావు. దాని జుట్టు దువ్వుతూ కూర్చునేదాన్ని. ఒకరోజు లేచి, "పువ్వులు ఆగవు కదక్కా" అని పనికి వెళ్ళిపోయింది. ఆ తరువాత పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. కానీ మా ఇంటికి వచ్చినప్పుడు పక్కింటి పసిదాన్ని ఎత్తుకుని వదిలేది కాదు. ఆ పిల్ల గౌను తెల్లగా అయిపోయేది.

తరువాత దానికి పిత్తాశయంలో రాళ్ళు ఉన్నాయని, చిన్న ఆపరేషన్ చేసి తీసేయాలని అన్నారు. ఆపరేషన్‌కి ముందు రక్తం తీశారు. ఆ రిపోర్టు చూసి ఆపరేషన్ వాయిదా వేశారు. రక్తం గడ్డకట్టడానికి మామూలు కన్నా చాలా ఎక్కువ సేపు పడుతోందని, రక్తం జబ్బుల డాక్టరు చూశాకే ముందుకు వెళ్దామని చెప్పారు.

చెప్పింది అంతే. మాకు అర్థమైంది ఇంకోలా. గడ్డకట్టదంటే కోస్తే ఆగదు. ఆగదంటే రక్తం పల్చన. ఇంటికి వచ్చేలోపు అందరికీ అదే మాట పాకిపోయింది. ఈలోపు కడుపు నొప్పి తగ్గింది. నొప్పి తగ్గాక ఆస్పత్రి ఎవరికి గుర్తుంటుంది. ఆ డాక్టరు దగ్గరికి వచ్చే వారం, ఆ పై వారం అనుకుంటూ అది వెళ్ళలేదు.

దాన్ని ఎంత అపురూపం చేశామో చెప్తే నవ్వు వస్తుంది. షెడ్డులో మేస్త్రి దాని చేతిలోంచి చెక్కే కత్తులు, ఆకురాళ్ళు అన్నీ లాగేసుకుని, స్టూలు వేసి కూర్చోబెట్టి, పువ్వులకి బ్రష్షుతో పైపూత పెట్టే పని ఇచ్చాడు. మా మరిది ఇంట్లో బల్ల మూలలకి, మంచం మూలలకి స్పాంజి ముక్కలు అతికించాడు. నా వంటింట్లోకి వస్తే నేను కత్తిపీట అటక మీద పెట్టేదాన్ని. అది చేతులు నడుము మీద పెట్టుకుని మమ్మల్ని చూసి, "నన్ను గాజు సామాను చేసేశారు. గడ్డి వేసి పెట్టెలో సర్దేస్తే పోదూ" అనేది. కానీ దానికీ ఆ మాట నచ్చింది. ఎందుకంటే అది కూడా గిన్నె పరీక్షే. గాజు గొట్టంలో రక్తం పోసి ఎంతసేపటికి పట్టిందో చూశారు. నెమ్మది అని తేలింది. తన రక్తం నెమ్మది రకం. దానికి అందులో అనుమానం లేదు.

ఒక ఉదయం ఎడమ పిక్క బరువుగా ఉందంది. మధ్యాహ్నానికి పాదం చెప్పులో పట్టలేదు. నేను వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. చర్మం వేడిగా, బిగువుగా ఉంది. లోపల ఎక్కడో నరం చిట్లి రక్తం కారిపోతోందని అందరం అనుకున్నాం. పల్చటి రక్తం కదా. కదిలితే ఇంకా కారుతుందేమోనని మా ఆయన, మరిది చెరో పక్కా పట్టుకుని కుర్చీతో సహా ఆటోలోకి ఎక్కించారు.

ఆస్పత్రిలో కాలి మీద ఏదో జిగురు రాసి, యంత్రంతో నొక్కుతూ చూశారు. డాక్టరమ్మ వయసులో మా చెల్లెలికన్నా చిన్నదే. పిక్క నుంచి మోకాలి పైదాకా రక్తనాళంలో గడ్డ కట్టిందని చెప్పింది.

నా జన్మలో నేను డాక్టరుకి ఎదురు మాట్లాడింది లేదు. ఆ రోజు నోట్లోంచి ఊడిపడింది.

"మీరు ఇంకెవరి రిపోర్టో చూస్తున్నారేమోనమ్మా. దీనికి రక్తం గడ్డే కట్టదు."

డాక్టరమ్మ కోప్పడలేదు. పాత రిపోర్టు అడిగి తీసుకుని చూసింది. చూసి, ఇంకోసారి రక్తం తీయమంది. ఆ పరీక్షలు వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

ఒంట్లో జబ్బులతో పోరాడటానికి యాంటీబాడీలు ఉంటాయట, కాపలావాళ్ళ లాంటివి. కొందరిలో అవి దారి తప్పి సొంత ఒంటి మీదికే తిరగబడతాయట. మా చెల్లెలివి అలాంటివి. రక్తం గడ్డకట్టాలంటే ఒక రకం కొవ్వు పదార్థం ఆసరాగా ఉండాలి. పరీక్ష చేసే గొట్టంలో దాన్ని కొలిచి వేస్తారు. ఈ దారి తప్పిన యాంటీబాడీలు పోయి దాన్నే పట్టుకుని కూర్చుంటాయి, అందుకని గొట్టంలో ఆలస్యం అవుతుంది. ఒంట్లో అలా కాదు. అక్కడ అవి రక్తనాళాల గోడల్ని, రక్త కణాల్ని రెచ్చగొడతాయి. అక్కర్లేని చోట గడ్డకడుతుంది. గొట్టంలో నెమ్మది, ఒంట్లో దూకుడు. ఒక్కసారి పరీక్షకే ఖాయం చేయకూడదు, మూడు నెలలు పోయాక మళ్ళీ చేసి చూడాలి, కానీ గడ్డ కళ్ళముందు కనిపిస్తోంది కాబట్టి మందు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాలి అంది. రక్తం గడ్డకట్టకుండా చేసే మందు.

ఇన్నాళ్ళూ మేము ఏ వైపు కాపలా కాశాం. ఇల్లంతా కత్తులు దాచాం. ఇది లోపల నుంచి వస్తోంది.

అప్పుడు డాక్టరమ్మ గర్భాలు ఏమైనా పోయాయా అని అడిగింది. మా చెల్లెలు తల ఎత్తలేదు. నేనే చెప్పాను. డాక్టరమ్మ తల పంకించింది.

"అవి కూడానా?" అంది మా చెల్లెలు.

"అయ్యుండొచ్చు. ఖాయంగా చెప్పలేను. ఈ యాంటీబాడీలు ఉన్నవాళ్ళలో అలా జరుగుతుంటుంది. ముందు ఈ గడ్డ సంగతి చూద్దాం. తరువాత సరైన మందులతో, జాగ్రత్తగా చూసుకుంటే బిడ్డ నిలిచే అవకాశం బాగానే ఉంటుంది."

మా చెల్లెలు ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగబడేలా పట్టుకుంది. దుమ్ము కాదు, బకెట్లు కాదు. అన్నేళ్ళుగా అది తన చేతుల్ని తిట్టుకుంటోందని నాకు ఆ పట్టులో తెలిసింది.

కొన్ని రోజులు పొట్ట మీద ఇంజెక్షన్లు, తరువాత మాత్రలు. కాలు వాపు దిగింది. మళ్ళీ షెడ్డుకి వెళ్ళింది. అంతా చక్కబడిందనుకున్నాం. దాని మనసులో మాత్రం లెక్క కుదరలేదు. ఒకరోజు మా వంటింటి గడపలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ మొదలుపెట్టింది.

"అక్కా, గిన్నెలో పట్టని పిండి అచ్చులో పట్టేస్తుందా? నువ్వే చెప్పు."

"నాకేం తెలుసే. డాక్టరమ్మ చెప్పింది కదా."

"చెప్పింది. చదువుకున్న పిల్ల, మంచి పిల్ల. కానీ నేను ఇన్నేళ్ళలో ఒక్క బస్తా కూడా అలాంటిది చూడలేదు. గిన్నెలో నెమ్మది అంటే బకెట్‌లో నెమ్మదే. అలాంటి పిండిలో మళ్ళీ నిమ్మ ఉప్పు వేస్తే ఏమవుతుంది? ముద్ద. ఇప్పుడు నా రక్తంలో వీళ్ళు వేస్తున్నది అదే కదా."

"నువ్వు పిండివా?"

"పిండిబొమ్మనే కదా" అని నవ్వింది.

నేను నవ్వలేదు. మాత్ర మానకు అని చెప్పాను. మా మరిదికీ చెప్పాను. అతను రోజూ అడిగేవాడు, అది రోజూ వేసుకున్నాననేది. అయిపోతే కొత్తవి తెచ్చిపెట్టేవాడు. ఎప్పటికప్పుడు రక్తం పరీక్ష చేయించుకుని మందు మోతాదు చూపించుకోవాలి. దానికీ షెడ్డు నుంచి అటే వెళ్ళి వచ్చేశాననేది. దాని మాట మీద మాకు అనుమానం ఎందుకు వస్తుంది.

ఆ మధ్య డబ్బా మూత తీస్తూ వేలు కోసుకుంది. రక్తం ఆగలేదు. గుడ్డ మీద గుడ్డ తడిసింది. అదంతా నాకు తరువాత చెప్పింది. ఆ తడిసిన గుడ్డలు చూశాక దాని అనుమానం తీరిపోయిందట. తనే రైటు, ముద్ద అయిపోతున్నాను అనుకుందట. ఎవరికీ చెప్పకుండా ఆ రోజు నుంచి మాత్రలు మానేసింది.

తరువాత చాలా రోజులకి, ఒక మధ్యాహ్నం, పని వేళలో వచ్చింది. ఎప్పుడూ అలా రాదు. చేతులు కూడా కడుక్కోలేదు. మోచేతుల దాకా ప్లాస్టర్ ఎండి పగుళ్ళు తీసి ఉంది. గడప దగ్గరే కూలబడింది. ఎగశ్వాస తీస్తోంది. ఎండలో పరిగెత్తుకొచ్చిందనుకుని మంచినీళ్ళు ఇచ్చాను. తాగలేదు.

పొద్దున ఒక పెద్ద హాలు పని మొదలైందట. కొత్త బస్తా విప్పారు, అది గిన్నెలో కలిపి చూసింది. నెమ్మది అని చెప్పింది. మేస్త్రి తొందరలో ఉన్నాడు. నిన్నటి బకెట్ కడగకుండానే అందులో పిండి కలిపేశాడు. సగం అచ్చు నిండిందో లేదో బకెట్‌లోనే రాయి అయి కూర్చుందట. మేస్త్రి పిండి అమ్మినవాణ్ణి తిడుతున్నాడు. ఇది బకెట్‌లో చెయ్యి పెట్టి గోడ గీకి చూసింది.

"అదే పిండి అక్కా. అవే నీళ్ళు. గిన్నె అబద్ధం చెప్పలేదు. గిన్నెని నేను ప్రతిసారీ తోమి కడుగుతాను, అందుకని అందులో నెమ్మదిగా పట్టింది. బకెట్ గోడకి పాత పెంకు ఉంది. ఆ పెంకు తగిలితే ఏ పిండైనా గబుక్కున పట్టేస్తుంది. అది నాకు తెలియని సంగతా? పనిలో చేరిన వారంలో నేర్పారు, బకెట్ గీకకుండా కలపకు అని. తెలిసి తెలిసి ఎలా మర్చిపోయాను?"

నాకు ఇంకా వెలగలేదు. అది నా మొహం చూసి, నెమ్మదిగా చెప్పింది.

"డాక్టరమ్మ గోడలు అంది. ఒంట్లో గోడలు. గొట్టం వేరు, ఒళ్ళు వేరు అంది. గిన్నె వేరు, బకెట్ వేరు. నేను మాత్రలు మానేశానక్కా."

ఎప్పటి నుంచే అన్నాను. వేలు తెగినప్పటి నుంచి. మూడు రోజులుగా మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని, పిండి దుమ్మేమో అనుకున్నానని కూడా చెప్పింది. ఎగశ్వాస ఎండది కాదని అప్పుడు తెలిసింది.

పొయ్యి కట్టేసి, తలుపు తాళం కూడా వేయకుండా బయలుదేరదీశాను. అది స్నానం చేసి వస్తానంది, ఈ వేషంతో ఆస్పత్రికి ఎలా అంది. నేను వినలేదు. ఆటోలో నా భుజం మీద తల ఆనించి కూర్చుంది. నా జాకెట్టు తెల్లగా అయింది.

డాక్టరమ్మ దాన్ని చూడగానే లేచి వచ్చింది. వేలికి చిన్న క్లిప్పు తగిలించి చూసి, నర్సుని పిలిచి గబగబా ఏవేవో చెప్పింది. మా చెల్లెలు ఆయాసపడుతూనే బకెట్ సంగతి చెప్పడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ ఒక పక్క దాని నాడి పట్టుకునే వింది. అవునమ్మా, అచ్చంగా అదే, ఇక మాట్లాడకండి, ముందు మందు ఎక్కిద్దాం అంది. తిట్టలేదు. డాక్టరమ్మ మొహంలో మాత్రం రంగు లేదు.

ఇంజెక్షన్ మోతాదు మనిషి బరువుని బట్టి ఇస్తారట. నర్సు బరువెంత అని అడిగింది. దీనికి తెలియదు. మంచం తోసుకొస్తున్నారు, అది వచ్చేదాకా ఆగొచ్చు. కుర్చీ పక్కనే తూకం యంత్రం ఉంది. ఎవరూ లేవమనలేదు. తనకు తానే లేచి, చెప్పులు విడిచి, దాని మీదికి ఎక్కి నిలబడింది.

"ఒంటి మీద పిండి కూడా కలిపే తూస్తారా, అది తీసేసి తూస్తారా?"

నర్సు నవ్వింది. నేనూ నవ్వబోయాను.

అది నా వైపు తిరిగి చూసింది. ఏదో అడగబోతున్నట్టు కనుబొమలు పైకి లేచాయి. అలాగే ఒరిగిపోయింది.

తరువాత చాలామంది పరిగెత్తుకొచ్చారు. నన్ను తలుపు బయట నిలబెట్టారు. లోపల గుండె మీద నొక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎంతసేపో తెలియదు. చప్పుడు ఆగాక కూడా నేను మళ్ళీ మొదలవుతుందేమోనని చూస్తూనే ఉన్నాను. కాలిలోని గడ్డ తెగి ఊపిరితిత్తుల్లోకి పోయి దారి మూసేసిందని డాక్టరమ్మ వచ్చి చెప్పింది. ఆ మాటలు చెవిలో పడ్డాయి కానీ లోపలికి పోలేదు. నా ముందు తూకం మీద నిలబడి పరాచికాలాడిన మనిషి. మెత్తగా, వెచ్చగా నా భుజం మీద ఆనుకుని వచ్చిన మనిషి.

మా మరిది పని బట్టలతోనే వచ్చాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. గ్రీజు నాకు అంటింది.

"పడిపోయిందన్నారు వదినా. దెబ్బ తగిలిందా? రక్తం ఎక్కువ పోయిందా?"

"లేదు బాబూ. ఒక్క చుక్క కూడా రాలేదు."

నేను అబద్ధం చెప్తున్నానేమో అన్నట్టు అతను నన్ను చూశాడు. ఇంటినిండా స్పాంజి ముక్కలు అతికించుకున్న మనిషికి ఆ మాట ఎలా ఎక్కుతుంది. లోపలికి వెళ్ళి దాని తల, మోచేతులు, మోకాళ్ళు అన్నీ తడిమి చూసుకుని వచ్చాడు. ఎక్కడా గీత లేదు. గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

నెల తిరిగాక ఒకరోజు మా పిన్ని, ఆమె కోడలు పలకరించడానికి వచ్చారు. ఆ మధ్య వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. పిన్నిదీ అదే. పాపం పల్చటి రక్తం, అలాంటివాళ్ళు ఎక్కువ కాలం ఉండరు, అని నిట్టూర్చింది. వచ్చినవాళ్ళు అలా అంటుంటే నేను వింటూ గ్లాసులు అందించేదాన్ని. ఇప్పుడు నా బదులు మాట్లాడే మనిషి లేదు. ఆ సంగతి ఆ క్షణాన నాకు కొత్తగా తగిలింది.

"పల్చటి రక్తం కాదు పిన్నీ. గడ్డకట్టింది" అన్నాను.

పిన్ని నోరు తెరిచింది. మరి పరీక్షలో అలా ఎందుకు వచ్చిందని అడిగింది. నాకు చేతనైనట్టు చెప్పాను. కాపలావాళ్ళు, గోడలు. ఉత్తప్పుడు అయితే అంత పొడుగు మాట నాకు పూర్తి కాదు. కడుపులోనే పోయిన ఇద్దరు పిల్లలు కూడా బహుశా దానివల్లే అని కూడా చెప్పాను. పిన్ని నమ్మలేదు. పుస్తకాల మాటలు ఎప్పటికప్పుడు మారుతుంటాయంది.

నేను గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వచ్చాను. వెనకాలే కోడలు వచ్చింది. చిన్న పిల్ల, గట్టిగా నవ్వడం కూడా తెలియదు. కుళాయి దగ్గర నిలబడి, నీళ్ళ చప్పుడులో కలిసిపోయేంత మెల్లగా అడిగింది.

"వదినా, ఆ పరీక్ష పేరేమిటి?"

నేను గ్లాసు కింద పెట్టాను. ఆమె నా వైపు చూడటం లేదు. పాత్రలు తుడిచే గుడ్డని మడతలు పెడుతోంది.

"నాకూ రెండుసార్లు కడుపు పోయింది. రెండోది మీ తమ్ముడికి తప్ప ఎవరికీ తెలియదు. అత్తయ్యకి ఒకటే చెప్పాం. ఈ మధ్య అప్పుడప్పుడూ కాలు లాగుతోంది."

ఆమె కాళ్ళ వైపు చూశాను. రెండూ ఒకేలా ఉన్నాయో లేదో చీర అంచు కింద కనిపించలేదు. నీకూ అదే అని నేను అనడం లేదు, కాలు లాగడానికి సవాలక్ష కారణాలు ఉంటాయి, అని చెప్పాను. ఆ మాట ఆమెకి చెప్పానో నాకు చెప్పుకున్నానో తెలియదు. పరీక్ష పేరు నాకు తెలియదు. ఆస్పత్రిలో ఏ తలుపు కొట్టాలో తెలుసు.

"రేపు వద్దు. ఇప్పుడే వెళ్దాం పద."

"అత్తయ్యకి ఏం చెప్పను?"

"నాతో వస్తున్నావని చెప్పు."

ఆ ఆస్పత్రి వరండాలోకి మళ్ళీ అడుగు పెట్టాల్సి వస్తుందని నేను అనుకోలేదు. తూకం యంత్రం ఇదివరకు ఉన్న చోటే ఉంది. దాని వైపు చూడకుండా, కోడలి మోచెయ్యి పట్టుకుని అవతలి పక్క నుంచి నడిచాను. డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. లేచి నిలబడింది. కుర్చీ లాగి ఈ పిల్లని కూర్చోబెట్టాను.

కోడలు నా వైపు చూసింది, నువ్వు చెప్పు అన్నట్టు.

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె గొంతు సవరించుకుని, తనే చెప్పడం మొదలుపెట్టింది.